ముప్పై ఎనిమిదేళ్ల వయసులో బీఏ, దాని కోసం అప్పు: నేను వేసుకున్న లెక్కలు

ముందు అంకెలు చెప్పేస్తాను, ఎందుకంటే నన్ను ఎవరు పలకరించినా చివరికి అడిగేది అవే. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీలో పార్ట్ టైమ్ బీఏ చేస్తున్నాను, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్. మొత్తం 360 క్రెడిట్లు, ఏడాదికి 60 చొప్పున చదివితే ఆరేళ్లు. నేను 2023 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు 60 క్రెడిట్లకు ఫీజు 3,462 పౌండ్లు, మరుసటి ఏడాది 3,636, ఆ తర్వాత ఇంకా పెరిగింది. ఈ లెక్కన ఆరేళ్లకూ కలిపి 24,000 పౌండ్ల దాకా అవుతుందని నా అంచనా. అంతా అప్పే. నేను ఇక్కడ ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంటుని, పన్నులు కోయకముందు ఏడాది జీతం సుమారు 17,000. అంటే దాదాపు ఏడాదిన్నర జీతం ఒక బీఏకి పెడుతున్నాను. మొదలుపెట్టినప్పుడు నా వయసు 38.

అంకెలు విన్నాక రెండో ప్రశ్న వస్తుంది. "హిస్టరీ, లిటరేచరా? కంప్యూటర్ ఏదైనా చేయొచ్చుగా?"

మేముండేది రెడింగ్‌లో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లలో డిపెండెంట్‌గా వచ్చిన ఆడవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, లేదా స్క్రమ్ మాస్టర్ చెయ్యి, లేదా సేల్స్‌ఫోర్స్, ఇలా ఏదో ఒక ఐటీ కోర్సు, మూడు నెలల్లో ఉద్యోగం. నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లను తక్కువ చేయడం లేదు. కానీ ఆ పని నాకు పడదని నాకు బాగా తెలుసు. ఎక్సెల్ షీటు తెరిస్తేనే ఆవులింతలొచ్చే మనిషిని నేను, పిల్లలకు కథ చదివి వినిపించమంటే మాత్రం గంటసేపు నిలబడే చదువుతాను.

నాది నరసరావుపేట దగ్గర ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ పేటలో, డిగ్రీలో బీఎస్సీ వేశారు, రెండో ఏడాదిలో పెళ్లి కుదిరింది, అక్కడితో ఆగింది. పరీక్షలు రాయొచ్చు లేమ్మా అన్నారు గానీ రాయించినవాళ్లెవరూ లేరు. ఆ సగం డిగ్రీ ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ నాకు కలిసొస్తుందని అప్పుడు ఎవరనుకుంటారు? అది ఎలాగో కిందకి చెప్తాను.

చదువు ఆలోచన ఎక్కడ మొదలైందంటే, స్కూల్లోనే. టీచరు సెలవు పెట్టినప్పుడు క్లాసు నేను చూసుకునేదాన్ని, పిల్లలు మాట వినేవాళ్లు, ఒకరోజు హెడ్ టీచరు పిలిచి నువ్వు టీచర్ ట్రైనింగ్‌కి ఎందుకు వెళ్లవు అని అడిగింది. డిగ్రీ లేదన్నాను. అయితే డిగ్రీ చెయ్యి అంది, కూరగాయల కొట్టుకెళ్లి కొత్తిమీర తెచ్చుకో అన్నంత తేలిగ్గా.

ఇంటికొచ్చి చూస్తే మొదట కనపడింది ఫీజు కాదు, అప్పు అనే మాట. మా ఇంట్లో ఆ మాటకు చాలా బరువుంది. మా నాన్న మిర్చి రైతు. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకోవడం, నూటికి రెండు రూపాయల వడ్డీ, పంట వచ్చాక ఆయన కొట్టుకే వేయడం, ధర పడితే బాకీ వచ్చే ఏడాదికి జరగడం, ఇవన్నీ చూస్తూ పెరిగాను. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. మా బావగారి అబ్బాయి అమెరికా ఎంఎస్‌కి వెళ్లినప్పుడు బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టారు, అక్కడ ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు. వాడికి ఉద్యోగం వచ్చేదాకా మా అక్క నిద్రపోలేదు. కాబట్టి నేను 'స్టూడెంట్ లోను' అనగానే మావాళ్లందరి కళ్ల ముందూ ఇల్లు, హామీ సంతకాలు, బ్యాంకు మేనేజరు కనపడ్డారు.

ఇక్కడి లోను అలాంటిది కాదని అర్థం చేసుకోవడానికి నాకే చాలా రాత్రులు పట్టింది. ఇంగ్లండులో 2023 ఆగస్టు తర్వాత కోర్సు మొదలుపెట్టినవాళ్లకు వర్తించేదాన్ని 'ప్లాన్ 5' అంటారు. ఏడాది జీతం 25,000 పౌండ్లు దాటితేనే కట్టాలి, అదీ దాటిన దాని మీద మాత్రమే 9 శాతం. దాటకపోతే సున్నా. నలభై ఏళ్ల తర్వాత ఎంత మిగిలినా కొట్టేస్తారు. మనిషి పోతే అప్పూ పోతుంది, పిల్లల మీద పడదు. హామీ అక్కర్లేదు. ఇంకో విషయం, ఫీజు లోనుకు మా ఆయన జీతంతో సంబంధం లేదు, ఆయనెంత సంపాదించినా నాకు పూర్తి ఫీజు వస్తుంది, రేపు కోసేదీ నా జీతంలోంచే. పార్ట్ టైమ్ వాళ్లకు ఒక మెలిక ఉంది: కోర్సు మొదలుపెట్టిన నాలుగేళ్ల తర్వాత వచ్చే ఏప్రిల్ నుంచి, చదువు ఇంకా పూర్తి కాకపోయినా సరే, జీతం 25,000 దాటితే కోత మొదలవుతుంది. నాకది 2028 ఏప్రిల్. ఫుల్ టైమ్ పిల్లల్లాగా చదువయ్యాకే అనుకుంటే పొరపాటు. ఇంకా, దూరవిద్య కాబట్టి ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్ లోను మామూలుగా రాదు, ఫీజు లోను ఒక్కటే.

వడ్డీ ఆర్‌పీఐ అనే ధరల సూచీని బట్టి ఏటా మారుతుంది. నా మొదటి ఏడాది ఇక్కడ ధరలు మండిపోతున్నాయి కాబట్టి 7 శాతం దాటింది. 2024 సెప్టెంబరు నుంచి 4.3, 2025 సెప్టెంబరు నుంచి 3.2.

ఈ సంగతంతా అమ్మకు ఫోన్లో చెప్తుంటే, 3.2 దగ్గర ఆపింది. "ఏడాదికా, నెలకా?" అంది. ఏడాదికే అన్నాను. "అంటే పావలా వడ్డీ!" అంది. అమ్మ డ్వాక్రా సంఘంలో చాలాకాలం ఉంది, వైఎస్ హయాంలో వచ్చిన పావలా వడ్డీ ఆమెకు నోటికొచ్చిన లెక్క, నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. తర్వాత మా సంభాషణ ఇలా నడిచింది.

"జీతం పాతిక వేలు దాటకపోతే?"

"అడగరు."

"ఇంటికి ఎవరూ రారా?"

"రారమ్మా."

"మరి దాన్ని అప్పని ఎందుకంటారే?"

నిజం చెప్పాలంటే నేను చదివిన వివరణలన్నిటి కంటే అమ్మ ప్రశ్నే బాగా పనికొచ్చింది. తీరాల్సిన మొత్తాన్ని చూసి భయపడటం మానేసి, నా జీతం ఏ ఏడాది ఎంత ఉండబోతోంది అన్నది చూడటం మొదలుపెట్టాను. అక్కడి నుంచి లెక్క తేలికైంది. అంటే, కాగితం మీద తేలికైంది.

మొదటి లెక్క: బీఏ అయ్యాక కూడా నేను ఇదే ఉద్యోగంలో ఉంటే? టీచింగ్ అసిస్టెంటు జీతాలు చెప్పేటప్పుడు ఫుల్ టైమ్ అంకె చెప్తారు, కానీ మాకు స్కూలు నడిచే వారాలకే, అదీ రోజులో కొన్ని గంటలకే లెక్కగట్టి ఇస్తారు, అందుకే 17,000. పాతిక వేలకు చాలా దూరం. కట్టేది సున్నా. 2068లో మిగిలింది మాఫీ, అప్పటికి నాకు 83 ఏళ్లు. డబ్బు పరంగా నష్టం లేదు, లాభమూ లేదు.

రెండో లెక్క: బీఏ తర్వాత పీజీసీఈ, అంటే ఏడాది టీచర్ ట్రైనింగ్ కోర్సు, చేసి టీచరైతే? పీజీసీఈ ఫీజు 2025-26లో 9,535 పౌండ్లు. డిగ్రీ ఉన్నా ఈ కోర్సుకు ఫీజు లోను ఇస్తారు, అది కూడా దీనికే కలుస్తుంది. మొత్తం 33,500 అనుకుందాం. ఇంగ్లండులో, లండన్ ప్రాంతం వదిలేస్తే, 2025 సెప్టెంబరు నుంచి కొత్త టీచరు జీతం 32,916. పాతిక వేల మీద ఉన్నది 7,916, దాని మీద 9 శాతం ఏడాదికి 712, నెలకు అరవై పౌండ్ల లోపు. అయితే 33,500 మీద 3.2 శాతం వడ్డీయే ఏడాదికి 1,070 పైన. అంటే మొదటి ఏళ్లలో కడుతూనే ఉంటాను, అప్పు పెరుగుతూనే ఉంటుంది. ఇది చూసి మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కానీ మెయిన్ పే స్కేలు పై మెట్టు 45,352, అక్కడికి చేరితే కోత ఏడాదికి 1,831, అప్పుడు అసలు తరగడం మొదలవుతుంది. ధరలూ జీతాలూ ఒకే దారిలో పెరుగుతాయనుకుని ఇవాళ్టి డబ్బుల్లో లెక్కేస్తే ఇరవై ఏళ్లు పడుతుంది. నేను టీచరయ్యేది 45 ఏళ్లకు, తీరేది 65కి. అంటే నేను టీచరైతే దాదాపు మొత్తం కడతాను. అయినా జీతంలో తేడా మొదటి ఏడాదే దాదాపు 16,000, దాంట్లో పన్నులు, పెన్షన్ పోయాక కూడా 712 పెద్ద లెక్క కాదు.

ఇక్కడ ఆగిపోయి ఉంటే కథ సుఖాంతం. మా ఆయన ఆగలేదు. ఆయన ఐటీ మనిషి, ఆయన ఎక్సెల్ షీట్లో నాకు తెలియని నిలువు వరస ఒకటి చేర్చారు: గంటలు.

టీచింగ్ అసిస్టెంటుగా నాకు వారానికి ముప్పై గంటలు, స్కూలు ఏడాదికి 39 వారాలు, అంటే 1,170 గంటలు. 17,000ని దాంతో భాగిస్తే గంటకు పద్నాలుగున్నర పౌండ్లు. మా స్కూల్లో టీచర్లను రోజూ చూస్తాను, వారానికి యాభై గంటలకు తక్కువ చేసేవాళ్లు లేరు, ఇంటికి తీసుకెళ్లే నోటు పుస్తకాలతో కలిపి. 39 వారాలకు 1,950 గంటలు. 32,916ని దాంతో భాగిస్తే గంటకు పదహారు పౌండ్ల తొంభై పెన్నీలు. తేడా గంటకు రెండున్నర పౌండ్ల లోపు! సెలవుల్లో చేసే పని కలపకుండానే. పై మెట్టుకు చేరాక గంటకు ఇరవై మూడు అవుతుంది, అప్పుడు తేడా తెలుస్తుంది, కానీ ముందు కొన్నేళ్లు నేను జీతం పెంచుకోవడం కాదు, గంటలు అమ్ముకోవడం.

అంతటితో అయిపోలేదు. ఓపెన్ యూనివర్సిటీ ఒక క్రెడిట్‌కు పది గంటల చదువని చెప్తుంది. 360 క్రెడిట్లకు 3,600 గంటలు. ఆ గంటల్లో నేను సూపర్‌మార్కెట్లో సాయంత్రం షిఫ్టు చేసినా 2025 ఏప్రిల్ నుంచి అమలైన కనీస వేతనం 12.21 చొప్పున 44,000 పౌండ్లు వచ్చేవి. దాని పక్కన 24,000 అప్పు చిన్నదిగా కనపడింది. పీజీసీఈ చేసే ఏడాది జీతం ఉండదు, అదింకో 17,000. అంటే అందరూ భయపడుతున్న అప్పు ఈ మొత్తం వ్యవహారంలో చవకైన భాగం, ఖరీదైనది నా సాయంత్రాలు, నా శని ఆదివారాలు. అవి ఏ స్టేట్‌మెంటులోనూ కనపడవు.

మా ఆయన అక్కడితో కూడా ఊరుకోలేదు, ఐఎఫ్ఎస్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ 2020లో ఇచ్చిన రిపోర్టు తీశారు. డిగ్రీ చేసినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి, చదవకుండా ఉంటేనే డబ్బు ఎక్కువ మిగిలేదని అందులో ఉంది. క్రియేటివ్ ఆర్ట్స్ చదివినవాళ్లకు సగటున దాదాపు ఏమీ మిగలదని కూడా ఉంది. "చూశావా?" అన్నారు. చూశాను. ఆ లెక్కలు చిన్న వయసులో డిగ్రీ చేసి జీవితమంతా ఉద్యోగం చేసేవాళ్లవి, నాకు డిగ్రీ తర్వాత మిగిలేది ఇరవై ఏళ్ల చిల్లర, కాబట్టి నా లెక్క అంతకన్నా కష్టంగానే ఉండాలి అని నేనే చెప్పాను. ఆయన నన్ను ఆపడానికి తెచ్చారు, నేను ఆయనకంటే గట్టిగా ఆపే మాట చెప్పేసరికి ఏమనాలో తెలియక నవ్వారు.

"మరి ఎందుకు చేస్తున్నావు?"

"మీరు ప్రతి ఆదివారం క్రికెట్‌కి వెళ్తారు కదా, గంటకు ఎంత వస్తుంది?"

సరే, ఇది గెలవడానికి అన్న మాట. నిజమైన జవాబు వేరే. నేను టీచరు కావాలనుకుంటున్నాను, గంటకు రెండున్నర పౌండ్లే ఎక్కువ వచ్చినా సరే, ఎందుకంటే ఇప్పుడు అదే క్లాసులో అదే పిల్లల మధ్య ఇంకొకరు రాసిచ్చిన పాఠం చెప్తున్నాను. ఇక సబ్జెక్టు విషయం. ప్రైమరీ టీచరు కావడానికి ఏ డిగ్రీ అయినా పర్వాలేదు, అలాంటప్పుడు ఆరేళ్లు నాకు నచ్చనిది ఎందుకు చదవాలి? నచ్చనిది చదివితే రెండో ఏడాదిలో మానేస్తాను, అప్పు మాత్రం ఉంటుంది. మధ్యలో మానేసిన డిగ్రీయే అన్నిటికంటే నష్టం. ఇది నాకు ఒకసారి అనుభవమే.

అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో చేయొచ్చు కదా, వేలల్లో అయిపోతుంది అని మా తమ్ముడు అడిగాడు, అది మంచి ప్రశ్న. 1982లో హైదరాబాదులో మొదలైన మన ఓపెన్ యూనివర్సిటీకి స్ఫూర్తి ఈ బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీయే, ఇది 1969లో పుట్టింది, 1971లో మొదటి విద్యార్థులు చేరారు. ఇండియాలో చేస్తే అప్పే ఉండదు. కానీ పరీక్షలకు ప్రతి ఏడాదీ వెళ్లాలి, టికెట్టు ఖర్చు ఫీజును మించిపోతుంది, పిల్లల స్కూలు, నా స్కూలు సెలవులూ కలవాలి. పైగా ఇక్కడ ట్యూటరు నా వ్యాసాన్ని వాక్యం వాక్యం దిద్ది పంపుతారు, నాకు కావాల్సింది ఇంగ్లీషులో రాయడం రావడమే. తమ్ముడి లెక్క తప్పు కాదు, నా అవసరం వేరు.

ఇంకో వాదన. దాచుకున్న డబ్బు కొంత ఉంది, దాంతోనే ఏటా ఫీజు కట్టేద్దాం, అప్పెందుకు అన్నారు మా ఆయన. మన ఇళ్లలో ఇదే సహజమైన ఆలోచన, నాకూ మొదట అదే అనిపించింది. కానీ కూర్చుని చూస్తే, నేను టీచరు కాకపోతే ఆ అప్పు ఒక్క పౌండూ కట్టనక్కర్లేదు, ముందే కట్టేస్తే ఆ డబ్బు వృథా. టీచరైతే కట్టాలి, కానీ ధరలు పెరిగినంతే వడ్డీ. ఆ సమయంలో మా ఇంటి లోను కొత్త రేటు 5 శాతం దాటింది. దాచుకున్నది ఇంటి లోనుకు వేస్తేనే లాభం అని తేలింది, అదే చేశాం. ఇంటి లోను మార్చేటప్పుడు బ్యాంకువాళ్లు స్టూడెంట్ లోను ఉందా అని అడిగారు, ఉంది గానీ నెలకు కోసేది ఏమీ లేదు అని జీతం స్లిప్పు చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు. కోత మొదలయ్యాక అయితే మన చేతికొచ్చే జీతం తగ్గించి లెక్కేస్తారు, ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

అప్లికేషను సంగతి. ఓపెన్ యూనివర్సిటీలో చేరడానికి మార్కుల మెమోలు ఏమీ అడగరు, ఎవరైనా చేరొచ్చు. అడిగేదంతా ఈ లోను ఇచ్చే ప్రభుత్వ విభాగం, స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లండ్. నాకు ఐఎల్ఆర్ ఉంది, అంటే ఇక్కడ ఎప్పటికీ ఉండే అనుమతి, దాంతోపాటు కోర్సుకు ముందు మూడేళ్లు ఇక్కడే నివాసం ఉన్నట్టు చూపించాలి. వర్క్ వీసా మీద, డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు మామూలుగా ఈ లోను రాదు. నాకు ఇంటిపేరు గోల వచ్చింది: పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఒకటి, స్కూలు జీతం స్లిప్పులో ఇంకోటి, పెళ్లి తర్వాత మార్చినవి కొన్ని, మార్చనివి కొన్ని. ఫోన్లో ఒకావిడ 'మీ అసలు సర్‌నేమ్ ఏది' అని అడిగితే దానికి చిన్న జవాబు లేదు తల్లీ అనుకున్నాను. పెళ్లి సర్టిఫికెట్టు, ఒక వివరణ ఉత్తరం పంపాక సరిపోయింది. ఫీజు డబ్బు మన చేతికి రాదు, యూనివర్సిటీకి మూడు విడతలుగా వెళ్తుంది, 25 శాతం, 25, ఆఖరున 50. ఒక ఏడాది మొదలుపెట్టి మానేయాలనిపిస్తే ఏ విడత ముందు మానేస్తున్నామో చూసుకుంటే మంచిది. లోను ఏటా కొత్తగా అప్లై చేయాలి, దానంతట అది కొనసాగదు.

చదువు గురించి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే అంతా లెక్కలే అయిపోతుంది. మొదటి ఏడాది మాడ్యూల్లో చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, సంగీతం, కళాచరిత్ర అన్నీ కలిపి పెడతారు. టీఎంఏ అంటారు, ట్యూటరు దిద్దే వ్యాసాలు. పాస్ మార్కు 40, నా మొదటిది ఆ చుట్టుపక్కలే వచ్చింది. కింద ట్యూటరు రాసింది నాకిప్పటికీ గుర్తుంది, ఇది చాలా చక్కని సారాంశం, కానీ మీరేమనుకుంటున్నారో ఎక్కడా లేదు అని. మన చదువులో మనమేమనుకుంటున్నామో ఎవరడిగారు? గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు. ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకు దాదాపు మొదటి ఏడాదంతా పట్టింది. తర్వాత ఫ్రెంచి విప్లవం మీద వ్యాసం రాస్తూ రొట్టె ధర దగ్గర ఆగిపోయి, మిర్చి ధర పడిన ఏడాది మా ఊరు ఎలా ఉండేదో తలుచుకుని, రెండు పేరాలు ఒక్క ఊపులో రాశాను. దానికి మంచి మార్కులొచ్చాయి. ఆ రాత్రి పదకొండు దాటాక వంటింట్లో గిన్నెలు తోముతూ గంటకు 12.21 గుర్తొచ్చి నవ్వొచ్చింది.

గంటల విషయానికొస్తే, 60 క్రెడిట్లంటే వారానికి పదహారు నుంచి పద్దెనిమిది గంటలు. ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పిల్లలతో ఇది నిజంగానే కష్టం. ఉదయం ఐదింటికి లేచి రెండు గంటలు, శనివారం పిల్లలను డాన్సు క్లాసులో దింపి కారులో కూర్చుని ఒక గంట, ఇలా ఏరుకోవాలి. సంక్రాంతికి, ఉగాదికి తెలుగు సంఘం వాళ్ల ప్రోగ్రాంలకు పనిచేసేదాన్ని, అది మానేశాను, కొందరికి కోపం వచ్చింది. వంట మా ఆయన వారానికి మూడు రోజులు చేస్తున్నారు, మొదట్లో ఉప్మాయే, ఇప్పుడు పప్పు కూడా బాగానే పెడుతున్నారు. 30 క్రెడిట్లే తీసుకుంటే వారానికి తొమ్మిది గంటలతో సరిపోతుంది, కానీ పన్నెండేళ్లు పడుతుంది, టీచరయ్యేసరికి నాకు యాభై దాటుతుంది, అప్పుడు రెండో లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. వయసు మీద పడ్డాక చదివేవాళ్లు తొందరపడాల్సింది అందుకే, వడ్డీ కోసం కాదు.

ఒక్క విషయం మాత్రం చేరకముందే కనుక్కోండి. టీచర్ ట్రైనింగ్‌కి డిగ్రీ ఒక్కటే చాలదు, ఇంగ్లీషు, లెక్కలు, ప్రైమరీకైతే సైన్సు కూడా, జీసీఎస్ఈలో, అంటే ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్షల్లో, గ్రేడ్ 4 లేదా దానికి సమానమైనది ఉండాలి. మన ఎస్సెస్సీని కొన్ని ట్రైనింగ్ సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, ఇంకొన్ని వాళ్ల పరీక్ష రాయమంటాయి. నా ఎస్సెస్సీ తెలుగు మీడియం కాబట్టి ఇంగ్లీషు దగ్గరే పేచీ వస్తుందని నాకు ముందే తెలిసింది. ఇంగ్లీషు, లెక్కలు రానివాళ్లకు పెద్దల కాలేజీల్లో జీసీఎస్ఈ ఉచితంగానే చెప్తారు, సాయంత్రం క్లాసులు. డిగ్రీ ఆఖరి ఏడాదికి ముందే అది పూర్తి చేయాలని అనుకుంటున్నాను. పీజీసీఈ బదులు స్కూలే జీతమిచ్చి ట్రైనింగ్ ఇచ్చే దారులు కూడా ఉన్నాయి, సీట్లు తక్కువ. అది దొరికితే 9,535 అప్పూ తప్పుతుంది, ఏడాది జీతమూ పోదు, రెండో లెక్క చాలా మారిపోతుంది. మా హెడ్ టీచరును ఇప్పటినుంచే అడుగుతున్నాను, చూద్దాం అంటోంది.

ఇప్పుడు మూడో మాడ్యూల్ నడుస్తోంది, ఈ ఏడాది ఫీజు కలిపితే నా అప్పు పదకొండు వేలు దాటుతుంది. స్టేట్‌మెంటు వచ్చినప్పుడు మా ఆయన చదువుతారు, నేను చదవను.

చివరగా, ఇండియాలో డిగ్రీ ఉన్న ఫ్రెండ్స్ చాలామంది మేమూ చేయొచ్చా అని అడుగుతున్నారు కాబట్టి ఆ సగం డిగ్రీ సంగతి. ఇక్కడ నియమం ఏంటంటే, ఇప్పటికే అంతే స్థాయి డిగ్రీ ఉంటే, అది ఏ దేశానిదైనా సరే, మళ్లీ డిగ్రీకి ఫీజు లోను ఇవ్వరు. నేను బీఎస్సీ పూర్తి చేయలేదు కాబట్టి నాకొచ్చింది. మా పక్కవీధిలో బీకాం పాసైన అమ్మాయికి చరిత్ర చదువుతానంటే రాదు, కానీ పార్ట్ టైమ్‌లో కంప్యూటర్ సైన్సు, ఇంజనీరింగ్ లాంటివి చదువుతానంటే మినహాయింపు ఉంది, లోను వస్తుంది. అంటే ప్రభుత్వం కూడా మన చుట్టాల మాటే చెప్తోంది! ఆ అమ్మాయి ఆ డిగ్రీని దాచి అప్లై చేయొచ్చా అని అడిగింది, వద్దే వద్దన్నాను, డిక్లరేషన్ మీద సంతకం మనదే, తర్వాత తెలిస్తే మొత్తం వెనక్కి కట్టాల్సి రావచ్చు. బీకాం ఉంది కాబట్టి ఆమె ట్రైనింగ్‌కి నేరుగా వెళ్లే వీలుందేమో ముందు ఎనిక్ (విదేశీ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే సంస్థ) సర్టిఫికెట్టుతో కనుక్కోమన్నాను, ఆరేళ్లూ, ఇరవై నాలుగు వేలూ ఆమెకు అసలు అక్కర్లేకపోవచ్చు. ఈ లోన్ల పద్ధతినే 2027 జనవరి నుంచి లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎంటైటిల్‌మెంట్ అనే పేరుతో మారుస్తామని ప్రభుత్వం ప్రకటించింది, కాబట్టి నేను చెప్పిన నియమాలు అప్లై చేసే రోజుకు అలాగే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఇవన్నీ ఇంగ్లండులో ఉండేవాళ్లకే, స్కాట్లండు, వేల్స్‌లో ఫీజులూ వేరు, సాయమూ వేరు.